కాంపౌండరు గారి వాతావరణ సూచన

నోరు తెరిస్తే వాన, లేకపోతే సినిమా. కాంపౌండరు గారికి మూడో సంగతి తెలియదు. పళ్ళ ఆసుపత్రికి వచ్చినవాళ్ళందరూ నోళ్ళు తెరిచేవాళ్ళే గానీ, తెరిచిన నోటితో మాట్లాడగలిగేది ఆయనొక్కరే. పొద్దున్నే పేపర్లో సినిమా పేజీ, దాని వెనక వాతావరణం పేజీ చదివేసి, ముందుగదిలో కూర్చుని రోజంతా ఆ రెండే పంచిపెట్టేవారు. సినిమా కబురు సగమైనా నిజమయ్యేది. వాన కబురు ఒక్కనాడూ కాలేదు.

లోపల డాక్టరమ్మకు ఇవేవీ వినే ఓపిక లేదు. పదిహేనేళ్ళుగా జనం నోళ్ళలోకి వంగి వంగి ఆమె మెడ ఒకవైపు పట్టేసింది. ఇంట్లో మొగుడు ఆవలించినా సరే, అలవాటుకొద్దీ నోట్లోకి తొంగి చూసేది.

ఆ సోమవారం ఎండ మండిపోతోంది. నాలుగింటికి తలుపు తీసి చూస్తే ముందుగది ఖాళీ.

"ముగ్గురుండాలి కదండీ, ఏరీ?"

"పెద్ద వాన రాబోతోందని ఇళ్ళకు పంపేశానమ్మా. పాపం, ఒక్కళ్ళ దగ్గరా గొడుగు లేదు."

"ఆకాశంలో మబ్బు తునకైనా లేదు."

"అదేనమ్మా నా అనుమానం," అన్నారాయన.

మంగళవారం నిజంగానే మబ్బు కమ్మింది. దవడ వాచిన మేస్త్రీ ఒకడు, "వానొచ్చేలా ఉంది, రేపొస్తా," అంటూ లేచాడు. కాంపౌండరు గారు భుజం పట్టుకుని కూర్చోబెట్టారు.

"చుక్క పడదు. ఈలోగా కొత్త సినిమా కథ విను. హీరో రైలెక్కుతాడు. చూస్తే ఎదురు సీట్లో అచ్చం తనలాంటి వాడే."

"ఎవడు వాడు?"

"అది పన్ను పీకించుకొచ్చాక."

మేస్త్రీ లోపలికొచ్చి కుర్చీలో పడ్డాడు. పీకుతున్నంతసేపూ భయపడడం మానేసి, "ఎహురు హీట్లో ఎవహు?" అని డాక్టరమ్మనే వేధించాడు. ఆమెకేం తెలుసు, సినిమా చూసి ఏళ్ళయింది. బయటికొచ్చి మిగతా కథ వినేసి, నోట్లో దూదితో, కుండపోత వానలో తడుస్తూ ఇంటికి పోయాడు.

బుధవారమంతా ముసురు. గురువారం మళ్ళీ ఎండ, మళ్ళీ కాంపౌండరు గారి తుఫాను, మళ్ళీ ఖాళీ గది. ఇలాగైతే ఆసుపత్రి మూసుకోవాల్సిందేననుకుని డాక్టరమ్మ చెల్లెలికి ఫోన్ చేసింది.

"నోరు మెదపని అమ్మాయి ఎవరైనా ఉంటే చూడవే."

"ఉందక్కా. సోమవారం నుంచి పంపుతా. మరి ఆయనకు చెప్పావా?"

"శనివారం చెప్తాలే."

శనివారం పొద్దుట్నుంచీ ఆ మాట చెప్పకుండా దాటేస్తూనే వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి మెడ తిప్పలేక, వేడినీళ్ళ సంచీ కింద పెట్టుకుని ఎక్స్‌రే గదిలో పడుకుంది. గోడ పలచన. అవతల ఎవరో టీచరమ్మ, పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి వచ్చినట్టుంది, గట్టిగానే మాట్లాడుతోంది.

"ఇంత ఎండలో వానేంటండీ?"

"మీకైతే నిజం చెప్తానమ్మా," కాంపౌండరు గారు గొంతు తగ్గించారు. "డాక్టరమ్మకి మెడ పట్టేసింది. పొద్దుట్నుంచీ పదకొండు మందిని చూసింది. మీ పళ్ళు లక్షణంగా ఉన్నాయి, సోమవారం దాకా ఎక్కడికీ పోవు."

"ఆ మాటే అందరికీ చెప్పొచ్చుగా."

"డాక్టరుకి బాగోలేదంటే జనం ఇంకో డాక్టర్ని వెతుక్కుంటారమ్మా. వానంటే తిరిగొస్తారు."

సోమవారం, గురువారం కూడా మధ్యాహ్నానికే డాక్టరమ్మ మెడ ఇలాగే బిగుసుకుపోయింది. ఎవరూ చూడలేదనుకుంది. ఆయన వెనక్కి పంపినవాళ్ళలో నొప్పితో వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆమె ఫోన్ తీసింది.

"ఆ అమ్మాయి వద్దులేవే."

"ఏం, ఏమైంది?"

"మాట్లాడదన్నావుగా. అందుకే."

బయటికొచ్చేసరికి కాంపౌండరు గారు టీ తాగుతున్నారు. ప్రతి గుక్కనీ ఎడమ బుగ్గలోకి మళ్ళిస్తున్నారు.

"కుడివైపు ఎన్నాళ్ళ నుంచి నొప్పి?"

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "నొప్పా? అబ్బే. నేనింక బయల్దేరతానమ్మా, మబ్బు పడుతోంది."

"చుక్క పడదు. లోపలికి రండి."

"మీ మెడ..."

"మీ ఒక్కరిదీ చూసి ఇద్దరం ఇళ్ళకు పోదాం."

పన్నెండేళ్ళుగా రోజూ తుడుస్తున్న కుర్చీలో ఆయన మొదటిసారి కూర్చున్నారు. పిడికిళ్ళు బిగుసుకున్నాయి. నోరు తెరిచారు గానీ మాట రాలేదు. డాక్టరమ్మ దీపం దగ్గరకు లాగి, సూది చేతిలోకి తీసుకుని, గొంతు సవరించుకుంది.

"కొత్త సినిమా ఒకటొచ్చింది, విన్నారా? అందులో హీరో..."

ఆగిపోయింది. హీరో ఏం చేస్తాడో ఎంత ఆలోచించినా తోచలేదు.

"హీరో పళ్ళ డాక్టరు," అంది చివరికి.

కాంపౌండరు గారు కళ్ళు గట్టిగా మూసుకునే తల అడ్డంగా ఊపారు.

"ఆహహు," అన్నారు.

ఆ సినిమా ఆడదంటున్నారని అర్థమై, డాక్టరమ్మ ఆ వారంలో మొదటిసారి నవ్వింది.