లాంగ్‌సఫరింగ్ అనే మాట

మస్కట్‌లో మా తెలుగు చర్చి శుక్రవారం ఆరాధనలో ఇంగ్లీషు ప్రార్థన చేసేది నేనే. ఒకసారి దేవుని లాంగ్‌సఫరింగ్‌కు స్తోత్రం అనగానే వెనక వరసలో యౌవనస్థులు నవ్వారు.

ఆరాధన అయ్యాక, చర్చిలో క్వయిర్ నడిపే ఒక చెల్లి నన్ను బయట ఆపింది. "అక్కా, ఆ పాత మాట ఇప్పుడెవరికి తెలుసు? పేషెన్స్ అనండి. మళ్ళీ అదే అంటే ప్రార్థన వేరేవాళ్ళకిస్తాం."

"స్కూలు బస్సు కోసం నిలబడినా పేషెన్సే కదమ్మా! కొట్టే బలముండీ చెయ్యెత్తకుండా ఓర్చుకోవడం లాంగ్‌సఫరింగ్. తెలుగులో దీర్ఘశాంతం అంటే ఎవరూ నవ్వరే! దేవుడు నన్ను భరించింది దానితోనే. మార్చను."

తర్వాతి శుక్రవారం హాస్పిటల్ డ్యూటీ దిగి, యూనిఫామ్‌తోనే వచ్చి ఆ మాటే గట్టిగా అన్నాను. మళ్ళీ నవ్వారు. నవ్వు ఆగేదాకా నిలబడి, ఇంకోసారి అన్నాను. ఈ వారమూ ప్రార్థన నాదే.