వేడి రంగులో ముంచిన సైనికుడు

పక్షవాతం వచ్చి నా కుడిచెయ్యి పడిపోయాక, పోచంపల్లిలో మా ఇంటి మగ్గం ఆగిపోయింది. నూలుకు చిటికీలు కట్టేది నేనే. రంగు పట్టకూడని చోటల్లా రబ్బరు ముక్క చుట్టి బిగించాలి. దానికి వేళ్లు మాట వినాలి, నావి వినడం మానేశాయి. ఆ పనికి వేరే మనిషిని పెడదామంటే నా భార్య ఒప్పుకోలేదు.

"నీ చెయ్యి వచ్చేదాంక మగ్గం గట్లనే ఉంటది" అని, వాళ్లింటికీ వీళ్లింటికీ పనికిపోయి ఇల్లు నడిపింది.

పట్నంలో ఉండే మా తమ్ముడికి బల్ల మీద బొమ్మలతో యుద్ధాలాడే పిచ్చి. బొటనవేలంత ప్లాస్టిక్ సైనికులు, ఎవరి సైన్యానికి వాళ్లే రంగులేసుకోవాలట. ఒక డబ్బా నిండా తెచ్చి నా ముందు పెట్టాడు.

"దవాఖానల వేళ్లకు పని చెప్పుమన్నరు గదా అన్నా. గివిటికి రంగులెయ్యి."

ఈ వయసులో నాకు బొమ్మలా! ఒళ్లు మండింది. కానీ చెయ్యి కావాలి, కోపం మింగాను.

రంగంటే మాకు తెలిసింది కట్టడం, ముంచడం. ఒక సైనికుడి తలకు రబ్బరు చుట్టమన్నాను, నా భార్య చుట్టింది. పట్టునూలును ముంచినట్టే మరిగే రంగునీళ్లలో వాణ్ణి ముంచాం. తీసేసరికి కాళ్లు మెత్తబడి వంగిపోయాయి, రంగు మాత్రం సరిగా అంటనే లేదు.

"తాగొచ్చినట్టున్నడు" అని ఆమె పడీపడీ నవ్వింది. ఎన్నాళ్లకో నేనూ నవ్వాను.

ఫోన్లో తమ్ముడు తల పట్టుకున్నాడు. "అది నూలు కాదన్నా! రంగు పట్టనీకి ముందుగాల అస్తరు పూత ఎయ్యాలె. ఆరినంక రంగుల జర నీళ్లు కలిపి, కుంచెతోని పలచగ ఎయ్యాలె."

నా వేళ్లకు పట్టు దొరకాలని ఆమె కుంచెకు రబ్బరు చుట్టి ఇచ్చింది. ఇంకో సైనికుడి అంగీకి వేయబోయిన ఎరుపు ముఖమంతా పాకింది. తుడిస్తే ఇంకా అలుముకుంది. రోజూ అదే తంతు. ఎడమచేత్తో వెయ్యొచ్చు, కానీ నాకు కావలసింది బొమ్మ కాదు. ఒకరోజు కుంచె విసిరికొట్టి ఏడ్చాను. ఆమె దాన్ని తీసి కడిగిపెట్టింది.

మర్నాడు పొద్దున ఆ సైనికుడు కిటికీలో నిలబడి ఉన్నాడు. ముఖం శుభ్రంగా ఉంది. అంగీ అంచు తీర్చినట్టుంది. కళ్లు కూడా ఉన్నాయి.

"సూసినవా, నిన్న నువ్వేసిందే. ఆరినంక ఎంత మంచిగున్నదో. నీ చెయ్యి మల్ల వస్తాంది" అంది ఆమె. ఆమె గోటి పక్కన ఎరుపు అంటుకుని ఉంది.

రంగు ఆరినంత మాత్రాన వంకర గీత తిన్నగా అవదని మా ఇద్దరికీ తెలుసు. అయినా అవునన్నాను. ఆమె ముఖం చూసి కాదనడం నా వల్ల కాలేదు.

మధ్యాహ్నం ఆమె మగ్గం మీద కప్పిన గుడ్డ తీసి దుమ్ము దులిపింది.

"నూలు తెప్పిద్దామా?" అని నా వైపు తిరగకుండానే అడిగింది.

"తెప్పిద్దాం" అన్నాను.