ఐజాక్‌కు అర్థం కాని నాలుగో లైను

కదిరి నుంచి తనకల్లు వైపు పోయే దారిలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. పేరు చెప్పను. చెబితే ఎవరో ఒకరికి మెమో వస్తుంది. ఆ కాలేజీలో ఐజాక్ అటెండరు. గదులు తెరవడం, గంట కొట్టడం, బోర్డులు తుడవడం, ప్రిన్సిపాల్ ఫ్లాస్కులో టీ నింపుకుని రావడం ఆయన పని. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పని. చదువంటారా, పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు తప్పాడు. నాలుగోసారి పరీక్షకు పోలేదు. వాళ్ల నాయన వేరుశనక్కాయలు పీకే కూలికి పిలుచుకుపోయాడు, అంతటితో సరి.

బీఎస్సీ పిల్లలు మొదటి సంవత్సరంలో చేరిన నెలకే లెక్కల లెక్చరరు బదిలీ మీద వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. పిల్లలు పద్నాలుగు మంది. ఖాళీగా కూర్చున్న పద్నాలుగు మంది ఎంత గోల చేయగలరో అంతా చేశారు. పక్క గదిలో తెలుగు పాఠం చెప్పే మేడం రెండుసార్లు ఫిర్యాదు చేసింది. ప్రిన్సిపాల్ ఐజాక్‌ను పిలిచి, “ఆ పీరియడు నువ్వు పోయి కూర్చో. అరవకుండా చూడు” అన్నాడు. లెక్కల శాఖకు ప్రభుత్వం తరఫున జరిగిన ఏర్పాటు ఇదే.

ఐజాక్ పోయి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఊరికే కూర్చుంటే నిద్ర వస్తుంది. మల్లీశ్వరి అనే అమ్మాయి పాఠ్యపుస్తకం తెరిచి పైకి చదవడం మొదలుపెట్టింది. వాళ్లది గొర్రెలు మేపుకునే ఇల్లు. ఏ పనైనా నిదానంగా, వదలకుండా చేసే రకం. ఒక పేజీ చదివి పక్క పేజీకి పోబోతుంటే ఐజాక్ చెయ్యెత్తాడు.

“పాపా, ఇప్పుడు చదివింది నాకు అర్థం కాలే.”

పిల్లలు నవ్వారు. మల్లీశ్వరి చెప్పబోయింది. సగం చెప్పాక మాట రాలేదు. తనకూ అర్థం కాలేదన్న సంగతి ఆ పిల్లకు అప్పుడే తెలిసింది. ఓబులేష్ అనే పిల్లవాడు లేచి, “నేను చెప్తా ఉండన్నా” అని బోర్డు దగ్గరికి పోయాడు. వాడూ మూడో మాటకే ఆగిపోయాడు. ఆ ఒక్క పేజీకి నాలుగు రోజులు పట్టింది.

అర్థం కాలేదని అనడానికి చదువుకునే పిల్లలకు నామోషీ. ఐజాక్‌కు ఆ బాధ లేదు. పదో తరగతి మూడుసార్లు తప్పినవాడికి పోయే పరువేముంది? అర్థమయ్యేదాకా అడిగేవాడు. అదేమీ ఉపాయం కాదు, ఆయనకు నిజంగానే అర్థమయ్యేది కాదు. వంతులవారీగా ఒక్కొక్కరు బోర్డు దగ్గరికి పోవడం, ఐజాక్ తల ఊపేదాకా చెప్పడం అలవాటైంది. ముందురోజు చదవకుండా వచ్చినవాడు ఐజాక్ చేతిలో అయిపోయినట్టే. ఓబులేష్ ఒకసారి విసుక్కుని, “అన్నా, నీకు అర్థమైతే ఎంత, కాకపోతే ఎంత? పరీక్ష మాకు గదా” అన్నాడు. “మీకే గదప్పా. నాకే చెప్పలేకపోతే ఆడేం రాస్తావు?” అన్నాడు ఐజాక్. ఓబులేష్ మళ్లీ మొదటినుంచి చెప్పాడు.

ఐదు సెమిస్టర్లు అలాగే గడిచాయి. పద్నాలుగు మందీ ప్రతిసారీ లెక్కల్లో పాసయ్యారు. లెక్చరరు లేకుండా ఇంత మంచి ఫలితాలు తెప్పించినందుకు ప్రిన్సిపాల్‌కు అనంతపురంలో శాలువా కప్పారు. ఆ శాలువా సంచి బస్సుదాకా మోసింది ఐజాకే.

ఆయన దగ్గర కూడా ఒక లాంగ్ నోట్‌బుక్కు ఉండేది. అందులో మొదటి పేజీ నుంచి అన్నీ రాసుకున్నాడు. కుంటుకుంటూనైనా పిల్లలతో పాటు అంతదూరం వచ్చాడు. పట్టా ఎవరూ ఇవ్వరని ఆయనకు తెలుసు. అయినా ఆ మిగిలిన ఒక్క సెమిస్టరూ వాళ్లతో పాటు పూర్తి చేయాలని గట్టిగా అనుకున్నాడు. బతుకులో తను మొదలుపెట్టి చివరిదాకా చదివిన పుస్తకం ఒక్కటన్నా ఉండాలని ఆయన ఆశ.

భార్య కృపాకుమారి ఆ నోట్‌బుక్కు చూసి ఒకరోజు అడిగింది. “ఇంత వయసులో లెక్కలు నేర్చుకోని యాడికి పోతావు?”

“యాడికీ పోను. ఈడే ఉంటా.”

“మరి ఇంకేమి” అని ఆమె చెనక్కాయలు ఒలుచుకుంది.

చివరి సెమిస్టరు మొదలైన వారానికి లెక్చరరు వచ్చాడు. పేరు నాగేశ్వర, ఊరు విడపనకల్లు దగ్గర. కాలేజీ అంతా సంబరపడింది. ఐజాక్ కూడా ఆయన బల్లను తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి పెట్టాడు. తర్వాత ఎప్పటిలాగే పోయి వెనక బెంచీలో కూర్చున్నాడు.

“నువ్వెందుకయ్యా ఇక్కడ?” అన్నాడు నాగేశ్వర.

నేర్చుకునేకి అని చెప్పడానికి ఐజాక్‌కు నోరు రాలేదు. “పిల్లోళ్లు అరవకుండా చూసేకి సార్” అన్నాడు.

“నేనున్నాను కదా, ఇంకెవరు అరుస్తారు? బయట ఉండు.”

మాటలో తప్పేమీ లేదు. ఐజాక్ బయటికి వచ్చి వరండాలో స్టూలు మీద కూర్చున్నాడు. పోస్టు నిండిందని సంతోషించాల్సినవాడు ఇలా ఏడుపు మొహం పెట్టుకోవడమేమిటని తనను తానే తిట్టుకున్నాడు. ఎంత తిట్టుకున్నా సంతోషం మాత్రం రాలేదు.

నాగేశ్వర మంచి మాస్టరే. టైముకు వస్తాడు, చేతిరాత ముత్యాల్లాంటిది, బోర్డు నిండా రాస్తాడు, అదే నోట్సుగా చెప్పి రాయిస్తాడు. చివర్లో “అర్థమైందా?” అంటాడు. పద్నాలుగు గొంతులు ఒకేసారి “అర్థమైంది సార్” అంటాయి. ఎవరూ బోర్డు దగ్గరికి పోవలసిన పని లేదు, ఎవరూ ముందురోజు చదివి రావలసిన పని లేదు. పిల్లలు రెండున్నరేళ్ల తర్వాత మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

రెండు వారాలు చూసి, ఐజాక్ నీళ్ల కుళాయి దగ్గర మల్లీశ్వరిని ఆపాడు. “పాపా, ఈపొద్దు పాఠం రవ్వంత చెప్తావా?”

“సారు నోట్సు ఇచ్చినాడన్నా. రాసుకున్న్యాం.”

“నీకు అర్థమయిందా?”

“నోట్సులో ఉండాది గదన్నా” అని ఆ పిల్ల బాటిలు మూత బిగించుకుని వెళ్లిపోయింది.

ఆ మాట ఐజాక్‌ను బాగా కష్టపెట్టింది. ఒక పేజీకి నాలుగు రోజులు పోట్లాడిన పిల్లేనా ఇది అనిపించింది.

ఇక ఆయనకు మిగిలింది బోర్డే. సాయంత్రం పిల్లలు పోయాక తుడవడం ఎలాగూ ఆయన డ్యూటీ. తుడిచేముందు వెనక బెంచీలో కూర్చుని ఉన్నదంతా నోట్‌బుక్కులోకి ఎక్కించుకునేవాడు. ఒక్కో లైనూ తనకు తానే చెప్పుకునేవాడు, అర్థం కాకపోతే తననే మళ్లీ అడిగేవాడు. అన్ని లైన్లూ అర్థమయ్యాకే బోర్డు తుడిచేవాడు. కిటికీలో వెలుతురు ఉండగానే చాలా రోజులు బోర్డు ఖాళీ అయ్యేది.

ఒక బుధవారం నాలుగో లైను దగ్గర ఆగిపోయాడు. ఎంతసేపు చూసినా అది లొంగలేదు. బోర్డు అలాగే వదిలి గదికి తాళం వేసుకుని ఇంటికి పోయాడు. మర్నాడు తెల్లారగానే వచ్చి మళ్లీ చూశాడు. ఏ మార్పూ లేదు.

పది గంటలకు ఇంకా పావుగంట ఉండగా నాగేశ్వర వచ్చాడు. పిల్లలు అప్పటికే కూర్చుని ఉన్నారు. ఐజాక్ నోట్‌బుక్కు పట్టుకుని బోర్డు ముందు నిలబడి ఉన్నాడు.

“నిన్నటి బోర్డు ఎందుకు తుడవలేదు?”

“నాలుగో లైను అర్థం కాలే సార్. అర్థమైతే తుడుస్తా.”

పిల్లలు తలలు దించుకున్నారు. నాగేశ్వర మొహం ఎర్రబడింది. “అది నీకెందుకయ్యా అర్థం కావాలి? నీ పని తుడవడం. ప్రిన్సిపాల్ గారికి రాసివ్వమంటావా?”

రాసిస్తే మెమో వస్తుంది. రిటైరు కావడానికి మూడేళ్లు కూడా లేని మనిషికి మెమో అంటే భయమే. ఐజాక్ డస్టరు చేతిలోకి తీసుకున్నాడు. బోర్డు మీదికి చెయ్యెత్తి ఆగిపోయాడు. డస్టరు బల్ల మీద పెట్టేశాడు.

“ఐదు సెమిస్టర్లు ఈ పిల్లోళ్లతో పాటే చదువుకున్న్యా సార్. ఇదొక్కటే మిగిలింది. అరవకుండా చూసేకని మీకు అబద్ధం చెప్పినా, నేర్చుకునేకే కూర్చుంటాంటి. బయటనే ఉంటా, పర్వాల్యా. ఈ లైను ఒకటి చెప్పండి, పోతా.”

నాగేశ్వర గడియారం చూసుకున్నాడు. “ఏం అర్థం కాలేదు?” అన్నాడు విసుగ్గానే.

“మొదటి లైన్లో ఏవన్నా రెండు వెక్టర్లు తీసుకోమన్నారు సార్. ఏవన్నా అంటే సున్నా కూడా వస్తాది గదా. నాలుగో లైన్లో ఆ రెండోదాని కొలతతోనే భాగించినారు. అది సున్నా అయితే ఎట్ల భాగిస్తాం? పంచుకునేకి మనిషే ల్యాకపోతే ఎవురికని పంచేది?”

సున్నా రాదులే అనడానికి నాగేశ్వర నోరు తెరిచాడు. బోర్డు మీద మొదటి లైను చూశాడు. నోరు మూసుకున్నాడు. సంచిలోంచి తన నోట్సు తీసి పేజీలు తిప్పాడు. కాగితాలు పసుపురంగుకు తిరిగి, అంచులు నలిగి ఉన్నాయి. ఆ పేజీని వేలితో గీత గీసినట్టు మెల్లగా చదివాడు.

“సున్నాకు విడిగా రాయాలి. రాయలేదు” అన్నాడు చివరికి. “ఆరేళ్లుగా ఇదే చెబుతున్నా. మూడు కాలేజీల్లో చెప్పాను.” పిల్లల వైపు తిరిగాడు. “మీలో ఒక్కరికైనా తట్టిందా ఇది?”

మల్లీశ్వరి లేచి నిలబడింది.

“నాకు తట్టింది సార్.”

“మరి నిన్న అడగలేదే?”

“మీరు చెప్పినారు గద సార్, సరిగ్గానే ఉంటాది అనుకున్న్యా.” ఆ పిల్ల బోర్డు దగ్గరున్న ఐజాక్ వైపు చూసింది. “మామూలుగా అడిగేది ఐజాకన్న. ఆయన్ని మీరు బయట కూర్చోబెట్టినారు.”

నాగేశ్వర కుర్చీలో కూర్చున్నాడు. జేబులోంచి పెన్ను తీసి నోట్సులో ఆ లైను పక్కన చుక్క పెట్టుకున్నాడు. తర్వాత చాక్‌పీసు మల్లీశ్వరి వైపు చాపాడు. ఆమె బోర్డు దగ్గరికి పోయి, రెండోది సున్నా అయితే ఆ సూత్రానికి రెండు పక్కలా సున్నానే వస్తుందని, భాగించే పనే లేదని, మిగతా అన్నింటికీ నాలుగో లైను సరిపోతుందని చెప్పింది. ఒకసారి చెప్పింది, ఐజాక్ తల ఊపలేదు. ఇంకోసారి చెప్పింది. అప్పుడు ఊపాడు.

ఆఫీసు గదిలోంచి ప్రిన్సిపాల్ కేక వినిపించింది. పది దాటి ఏడు నిమిషాలైనా గంట కొట్టలేదట. ఐజాక్ నోట్‌బుక్కు మూసి గుమ్మం వైపు నడిచాడు.

“ఐజాక్” అని పిలిచాడు నాగేశ్వర. “గంట కొట్టి లోపలికి రా. ఐదో లైను నువ్వొచ్చినాకే.”