వేడి చూపే ముల్లు

మా అన్న తన కారుకు కొత్త టెంపరేచర్ మీటరు బిగిస్తానని ఫోన్ చేసేనాటికి, ఆయన కారు నడపడం మానేసి చాలా నెలలైంది.

“ఇంజన్ ఎంత వేడెక్కిందో అంకెల్లో చూపిస్తాది పాపా. సెన్సర్ గూడా దాంతోనే వచ్చినాది. ఆదివారం రా. నీ కండ్లు నాకు కావల్ల” అన్నాడు.

“ఇప్పుడెందుకన్నా అది?”

“బండి నీకిస్తాండా. నువ్వే తోలుకోని పోవల్ల. నడి దోవలో వేడెక్కి నిలబడిపోతే ఏం చేస్తావు? ఆ మీటరుంటే నాకు నిమ్మళం.”

నేను కాదనలేదు. కాదంటే ఆయన ఇంకేం మాట్లాడతాడోనని భయమేసింది.

నేను ధర్మవరంలో ఉంటాను. మా ఆయన పట్టుచీరల అంచులకు కంప్యూటర్ మీద డిజైన్లు వేస్తాడు. అన్న, వదిన హిందూపురంలో మా నాయన కట్టిన ఇంట్లోనే ఉంటారు. నాయన పరుపులు కుట్టేవాడు. దూది ఏకే ఆ పని అన్నకు పట్టలేదు. చిన్నప్పుడే లేతు మిషన్ పనిలో చేరి, తర్వాత స్నేహితుడితో కలిసి సొంత షాపు పెట్టుకున్నాడు. ఇనుప కడ్డీ చేతిలో పెడితే కావలసిన కొలతకు వెంట్రుకవాసి తేడా లేకుండా తీసిచ్చేవాడు.

కారు మోజు ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బెంగళూరులో ఒక గ్యారేజీ మూలన దుమ్ము కొట్టుకుపోయి పడున్న పాత స్పోర్ట్స్ కారును లారీలో వేయించుకుని వచ్చాడు. రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకు ఆనుకున్నట్టుండే నీలం బండి. “ఇద్దరికి మించి పట్టని కారు ఏం కారప్పా?” అని అవ్వ నవ్వింది. దొరకని భాగాలు లేతు మీద తానే చేసుకుంటూ, ఏళ్ల తరబడి దాన్ని బాగుచేసి రోడ్డెక్కించాడు. పరిగి రోడ్డు మీద తెల్లవారుజామున నాకు డ్రైవింగ్ నేర్పింది ఆ కారులోనే.

ఆయన చూపు తగ్గుతోందని మాకు ఆలస్యంగా తెలిసింది. చీకట్లో తడబడేవాడు. పక్కన పెట్టిన నీళ్ల గ్లాసు తన్నేసేవాడు. పరధ్యానం అనుకునేవాళ్లం. చివరికి వదిన పట్టుబట్టి బెంగళూరు తీసుకెళ్లింది. నేనూ వెళ్లాను. చూపు చుట్టూ అంచుల నుంచి ఆరిపోతూ వస్తోందని, సన్నని గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో మాత్రమే కాస్త కనిపిస్తోందని, అదీ ఎంతకాలమో చెప్పలేమని డాక్టరు అన్నారు. మందు లేదన్నారు. అన్న ఒకే ప్రశ్న అడిగాడు: “లేతు పని చేయొచ్చా సార్?” డాక్టరు తల అడ్డంగా ఊపారు. ఆ ఊపడం అన్నకు కనిపించిందో లేదో, “ఏమన్నాడు?” అని నన్నడిగాడు.

ఆదివారం నేను వెళ్లేసరికి కారు మీది పట్టా తీసేసి ఉంది. అన్న బానెట్ ఎత్తి, రెండు చేతులూ లోపల పెట్టి తడుముతున్నాడు.

“ఇది చూడు” అని జేబులోంచి చిన్న ఇత్తడి గొట్టం తీసి నా చేతిలో పెట్టాడు. రెండు పక్కలా నునుపుగా, నడుమ ఒక మరల రంధ్రంతో ఉంది. సెన్సర్ ఆ రంధ్రంలో కూర్చోవాలట. మీటరుతో పాటు వచ్చిన గొట్టం ఈ బండి రబ్బరు పైపుకు సరిపోలేదని తానే లేతు మీద తిప్పి చేశాడు.

“షాపుకు పోయినావా? డాక్టరు వద్దన్నాడు గదా.”

“వాడు పక్కనే నిలబడినాడులే” అన్నాడు, స్నేహితుణ్ణి ఉద్దేశించి. “ఇదే ఆఖరు. మళ్ల పోను” అన్నాడు.

ఆ గొట్టం ఎంత నునుపుగా ఉందంటే, నేను వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయాను. ఆయన చెయ్యి చాచి అడిగేదాకా తిరిగి ఇవ్వాలని తోచలేదు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే పని మొదలుపెట్టాలి. రేడియేటర్ కింది బిరడా తీసి, ఇంజన్‌ను చల్లబరిచే ఆకుపచ్చని కూలెంట్‌ను బకెట్‌లోకి వదిలాం. వదిన కోళ్లను గంప కింద మూసి, బకెట్ ఎత్తి గట్టు మీద పెట్టింది. ఆ నీళ్లు తియ్యగా ఉంటాయని, తాగితే జీవాలు చచ్చిపోతాయని అన్న ఎప్పుడో చెప్పాడట. తర్వాత ఇంజన్ నుంచి రేడియేటర్‌కు పోయే పై పైపును కోయాలి. బొటనవేలితో కొలిచి, “ఈడ” అని చూపించాడు. నేను బ్లేడుతో కోశాను. కోసిన రెండు ముక్కల నడుమ ఇత్తడి గొట్టాన్ని ఆయనే దూర్చాడు. క్లిప్పులు నేను పెట్టాను, స్క్రూలు ఆయన బిగించాడు. స్క్రూడ్రైవర్ మొన స్క్రూ గాడిలో పడక పక్కకు జారిపోతుంటే, ఎడమచేతి వేలితో గాడిని వెతికి ఆ వేలి పక్కనుంచి మొనను జార్చేవాడు. రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. నేను స్క్రూడ్రైవర్ అందుకోబోతే, “ఉండనీ” అన్నాడు. ఉండనిచ్చాను.

సెన్సర్ వైరును డాష్‌బోర్డు వెనకనున్న రబ్బరు బిరడాలోంచి లోపలికి లాగాం. పైపు రబ్బరుది కాబట్టి ఇత్తడి గొట్టానికి వేరుగా ఎర్త్ వైరు ఇవ్వాలి. దాన్ని బాడీకి బిగించి తాళం తిప్పితే ముల్లు కదల్లేదు.

“రంగు మీదనే బిగించినావా?” అని అడిగాడు.

“అవును.”

“గీకల్ల పాపా. ఇనుము తెల్లగ కనపడేదాకా గీకు.”

గీకి మళ్లీ బిగించాను. ఈసారి ముల్లు చిన్నగా ఉలిక్కిపడి లేచింది. “కదిలిందన్నా!” అని అరిచాను. ఆయన లోపలికి వంగి, ముఖాన్ని మీటరుకు దగ్గరగా పెట్టి, తలను అటూ ఇటూ కొద్దికొద్దిగా జరుపుతూ వెతికాడు. మిగిలిన ఆ కాస్త చూపులోకి ముల్లు వచ్చినట్టుంది. అట్లాగే కదలకుండా ఉండిపోయాడు. వదిన గుమ్మంలో నిలబడి చూస్తూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

మీటరును స్టీరింగ్ కింద వద్దన్నాడు. పాత మీటరు ఉన్నది అక్కడే. ముందు అద్దం పక్కన కంబానికి, కళ్ల ఎత్తున పెట్టాలన్నాడు. “రోడ్డు మీద నుంచి కండ్లు దించకుండానే కనపడల్ల నీకు.”

కూలెంట్ పోసి, మూత తీసే ఉంచి, ఇంజన్ నడిపించాం. లోపలున్న గాలి బుడగలుగా పైకి వచ్చింది. బుడగలు ఆగేదాకా పైపును పిసుకుతూ కూర్చున్నాడు. పైపు ఉన్నట్టుండి వేడెక్కగానే “లోపలి వాల్వు తెరుచుకుండాది, నీళ్లు వస్తాండాయి” అన్నాడు. అప్పుడే ముల్లు ఎనభై దాటింది. ఆయన చెయ్యి, ఆ ముల్లు ఒకే మాట చెప్పాయి.

మధ్యాహ్నం అన్నం తిని బయలుదేరాం. వదిన నాతో “బిస్మిల్లా అను” అంది. అన్న పక్క సీట్లో కూర్చున్నాడు. ధర్మవరం దాకా వచ్చి, మా ఆయన తోడుగా రైల్లో వెనక్కి వెళ్లాలన్నది ఆయన ఆలోచన. హైవే ఎక్కాక కారు మెత్తగా పరుగెత్తింది. దోవ పొడుగునా ముల్లు ఎక్కడుందని అడుగుతూనే ఉన్నాడు. నేను చెబుతూనే ఉన్నాను. ఆ పొద్దు ఆయన ముఖంలో ఉన్న వెలుగు చూసి, ఈ డాక్టర్లు ఏదో పొరబడ్డారని కూడా అనుకున్నాను.

పెనుకొండ ఊర్లోకి దిగేసరికి దోవ నిండా లారీలు, బస్సులు నిలిచిపోయి ఉన్నాయి. మేమూ ఆగాం. కొంచెంసేపటికే ముల్లు లేవసాగింది. తొంభై ఐదు. వంద. ఇంకా పైకి.

“అన్నా, ఎక్కుతాండాది.”

“ఫ్యాన్ శబ్దం వస్తాందా?”

ఇద్దరం చెవులు పెట్టి విన్నాం. రావడం లేదు.

“పక్కకు తియ్. ఇంజన్ ఆపెయ్” అన్నాడు.

దర్గాకు పోయే దారి పక్కన, కొండకు ఎదురుగా ఆపాను. బానెట్ ఎత్తగానే వేడి ముఖానికి కొట్టింది. అన్న రేడియేటర్ పక్కన చెయ్యి పెట్టి తడిమాడు. ఫ్యాన్ వైరు ప్లగ్గు ఊడి వేలాడుతోంది. దాన్ని పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

“నేనే తీసింటి పొద్దున. చెయ్యి పట్టల్యా అని. మళ్ల పెట్టల్యా.”

“పోనీలే అన్నా. ఇంజన్‌కేం కాలేదు గదా. మీటరు చెప్పింది, ఆపినాం.”

ఆయన ప్లగ్గును దాని చోట నొక్కాడు. టక్కుమని కూర్చుంది. చేతులు తుడుచుకోకుండానే వెళ్లి, రోడ్డు పక్కన బండ మీద కూర్చున్నాడు. కారు చల్లారాలి కాబట్టి నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. గొర్రెల మంద ఒకటి మా ముందు నుంచి దాటిపోయింది. ఆ దుమ్ము అణిగాక మాట్లాడాడు.

“రెండేండ్ల కింద ఈ ఊరి దగ్గరనే గదా ఇంజన్ కాలిపోయింది.”

“అవును. పాత మీటరు పనిచేయక.”

“పనిచేసింది పాపా. ముల్లు ఎర్రగీత దాటి పోయినాది. బండి ఆగినాక వంగి చూస్తే అప్పుడు కనపడె. రోడ్డు చూస్తాంటే మీటరు కనపళ్యా, మీటరు చూడాలంటే రోడ్డు పోతాది. దానికి ముందు యేడు నుంచే అట్ల ఉండె నాకు. ఎవరికీ చెప్పల్యా. మీటరు దొంగదంటి.”

రెండేళ్ల కిందటి ఆ ఎండాకాలం, ధర్మవరం నుంచి ఒక్కడే వెళుతూ ఇంజన్ కాల్చుకున్న రోజు, ఆయన ఆ మీటరును తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. మేమంతా నవ్వాం ఆ పొద్దు.

“వదినకన్నా చెప్పి ఉండొచ్చు గదన్నా.”

“చెప్తే తాళం తీసుకుంటాది. లేతు ఆపిస్తాది. ఇంగ నేనేం చెయ్యల్ల?” అని, కారు వైపు చెయ్యి చూపి, “ఇప్పుడు ప్లగ్గు మరిచిపోతి. నా జన్మలో ఎప్పుడన్నా మరిచిపోయింటినా? కనపడకుంటే మరిచిపోయినట్లే పాపా” అన్నాడు.

అప్పుడు ఏడ్చాడు. నాయన పోయినప్పుడు కూడా నా ముందు ఏడవని మనిషి, లారీల వాళ్లు చూస్తుండగా, గ్రీజు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, తల వంచి ఏడ్చాడు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఏం చెప్పినా అబద్ధమే అవుతుందనిపించింది.

కారు చల్లారింది. ఫ్యాన్ తిరిగింది. ధర్మవరం చేరేదాకా ముల్లు తొంభై దగ్గరే నిలబడింది. ఆయన మళ్లీ అడగలేదు. మా ఇంటి ముందు దిగి, బానెట్ మీద ఒకసారి చెయ్యి వేసి లోపలికి వచ్చాడు. సాయంత్రం మా ఆయన అన్నను రైల్లో హిందూపురం తీసుకెళ్లాడు.

ఆ తర్వాత ఆయన చూపు డాక్టరు చెప్పినదానికన్నా తొందరగా పోయింది. ఇప్పుడు కిటికీ ఎటువైపుందో వెలుతురును బట్టి చెప్పగలడు, అంతే. లేతు షాపు స్నేహితుడే చూసుకుంటున్నాడు.

రంజాన్ పండుగకు నేను ఆ కారులోనే వెళ్లాను, ఆయన సంతోషిస్తాడనుకుని. శబ్దం వినగానే బయటికి వచ్చాడు. తలుపు తీసి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. స్టీరింగ్ పట్టుకుని చాలాసేపు కూర్చుని, దిగి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. భోజనానికి లేవలేదు. తిరిగి వచ్చేటప్పుడు వదిన సందు చివరి దాకా వచ్చి, కారు కిటికీలోంచి తల లోపలికి పెట్టి నెమ్మదిగా చెప్పింది: “ఈ శబ్దం వింటే ఆయప్పకు ప్రాణం పోయినట్లయితాంది. ఈసారి రైల్లో రామ్మా.”

అప్పటి నుంచి రైల్లోనే వెళుతున్నాను. కారును మా ఆయన, నేను వారానికొకసారి పుట్టపర్తి రోడ్డు దాకా తిప్పి తెస్తాం. అది ఉందా అమ్మేశావా అని అన్న ఎన్నడూ అడగలేదు. ఉందని నేనూ చెప్పలేదు. వెళ్లినప్పుడు ఆయన నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి “పాప వచ్చె” అని వదినకు చెబుతాడు. నేను పక్కన కూర్చుంటాను. మా ఊరి మగ్గాల సంగతులు, ధర్మవరం వానల సంగతులు అడుగుతాడు. అన్నీ చెబుతాను. ఏ మాటైనా దోవ మీదికో, ప్రయాణం మీదికో మళ్లుతోందని తోస్తే ఇద్దరం ఒకేసారి ఆపేస్తాం. అప్పుడు వదిన కాఫీ కలపడానికి లేస్తుంది.