జీడి షెడ్డుకి రాష్ట్రపతి

నలుగురు ఒకచోట చేరితే చాలు, వాళ్ళచేత ఓ రాష్ట్రపతిని ఎన్నిక చేయించకుండా సాల్మన్ రాజు అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. పలాసలో ఓ జీడి ఫ్యాక్టరీలో తూకం గుమస్తా ఆయన. ఇంటర్ సివిక్సు మూడుసార్లు తప్పాడు. మామూలోడైతే ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టేవాడు. ఈయన కంఠతా పట్టేశాడు.

"పెత్తనం చేసేవోడు ఏ సందులోనైనా దొరుకుతాడు సార్. ఏ పెత్తనమూ లేకుండా గౌరవంగా కూకునే మనిషి ఒకడుండాల. అదీ దేశమంటే!" అనేవాడు సూపర్‌వైజరు బాబ్జీతో. ఆ మాట మొదలెట్టగానే బాబ్జీకి తలనొప్పి మొదలయ్యేది.

స్టేషన్ దగ్గర ఆటో స్టాండుకి అప్పలరాజుని రాష్ట్రపతిని చేశాడు. లారీ గుద్ది కాలు విరిగాక అప్పలరాజు ఆటో ముట్టింది లేదు. అయినా సరే, కుర్చీలో కూర్చుని ఆయన చెయ్యి ఊపందే పొద్దున్న మొదటి ఆటో కదలదు. చర్చిలో పాటల బృందానికి సువర్ణమ్మని చేశాడు. ఆవిడ గొంతు పోయి రెండేళ్ళు.

"పాడలేని మనిషి పాటలకి రాష్ట్రపతి ఏటయ్యా?" అన్నాడు బాబ్జీ.

"ఢిల్లీలో ఆయనేటి, తుపాకీ పట్టుకుని తిరుగుతాడా? మూడు సైన్యాలకీ ఆయనే అధిపతి కాదేటి సార్?"

ఇంట్లో మాత్రం రాష్ట్రపతి తనే. ప్రధానమంత్రి భార్య ఫ్లోరెన్స్. ఓసారి ఆవిడ సొరకాయ కూర వడ్డిస్తే, రాష్ట్రపతి బిల్లుని తిప్పి పంపినట్టు "పునఃపరిశీలనకి పంపుతున్నాను" అని కంచం ముందుకు తోశాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, అదే కూర, అదే కంచంలో తెచ్చి ఠపీమని పెట్టింది.

"రెండోపాలి వచ్చీసినాది. ఇప్పుడు రూలేటి?"

"ఆమోదించాల్సిందే," అని నోరు మూసుకుని... అంటే తెరుచుకుని, తిన్నాడు.

2002 జూలైలో ఢిల్లీలో రాష్ట్రపతి ఎన్నిక జోరుగా నడుస్తుంటే, ఇక్కడ బాబ్జీ నెత్తిన పిడుగు పడింది. ఓనరు పిలిచాడు. "పెద్దతల్లికి చూపు తగ్గిపోయింది. ఆవిడ పొట్టు తీస్తే నిండు గుళ్ళుండవు, పప్పంతా ముక్కలే. సోమవారం నించి రావద్దని చెప్పు. రేపు లేబరాఫీసు గొడవ రాకుండా ఈ కాగితం మీద వేలిముద్ర తీసుకో."

ముప్పై ఏళ్ళుగా ఆ షెడ్డులో ఒకే పీట మీద కూర్చున్న మనిషి. ఆ పీట పోతే ఆవిడకి పొయ్యి వెలగదు. బాబ్జీ కాగితం జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాడు. పెద్దతల్లి పీట దాకా వెళ్ళి వెనక్కొచ్చేసేవాడు. ఉండబట్టలేక సాల్మన్ రాజుతో చెప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే షెడ్డులో రాష్ట్రపతి ఎన్నికల ప్రకటన!

పోటీ పెద్దతల్లికీ, ఆ షెడ్డులోనే పొట్టు తీసే విజయకుమారికీ. రాష్ట్రపతి ఎన్నికలో ఎమ్మెల్యే ఓటుకి రాష్ట్ర జనాభాని బట్టి విలువ కడతారు కాబట్టి, సాల్మన్ రాజు ఇంట్లో మనుషుల్ని బట్టి కట్టాడు. ఎంత విలువ ఉంటే అన్ని జీడిపిక్కలు డబ్బాలో వెయ్యాలి. ఒంటరి మనిషి మిరియంకి ఒకే పిక్క. ఏడుగురు పిల్లల పార్వతికి తొమ్మిది.

"ఈళ్ళని కన్నందుకు ఇన్నాళ్ళకి ఓ లాభం కనబడ్డాది!" అంది పార్వతి, ఒళ్ళో పిక్కలు పోసుకుని.

డబ్బాలు తెరిచారు. పెద్దతల్లి డబ్బా నిండి పొర్లుతోంది. విజయకుమారి డబ్బా ఖాళీ. అడుగున చీమొకటి తిరుగుతోంది.

"నీ ఓటైనా నీకేసుకోలేదేటే?" అన్నాడు బాబ్జీ.

"నాకెందుకు సార్? నా కళ్ళు బాగానే ఉన్నాయి కదా," అంది విజయకుమారి.

బాబ్జీ సాల్మన్ రాజు వైపు చూశాడు. సాల్మన్ రాజు తూకపు రాళ్ళు తుడుస్తున్నాడు, వాటికేదో దుమ్ము పట్టినట్టు.

ఆ సాయంత్రం కాగితం వేలిముద్ర లేకుండానే ఓనరు దగ్గరికి వెనక్కి పోయింది. "రాష్ట్రపతి గారు తిప్పి పంపారండి," అన్నాడు బాబ్జీ, తన నోటినుంచి ఆ మాట ఎలా వచ్చిందో తనకే తెలీకుండా. ఓనరు తిట్టి మళ్ళీ పంపాడు.

"రెండోపాలి వచ్చీసింది సాల్మనూ. నీ రూలు ప్రకారమే ఏలిముద్ర ఎయ్యాల," అన్నాడు బాబ్జీ దిగాలుగా.

"ఎయ్యాల్సిందే సార్. ఎప్పట్లోగా ఎయ్యాలో మాత్రం రాజ్యాంగంలో ఎక్కడా రాయలేదు."

కాగితం పెద్దతల్లి పీట కిందికి పోయింది. ఓనరు అడిగినప్పుడల్లా "పరిశీలనలో ఉందండి" అనేవాడు బాబ్జీ. ఇటు షెడ్డులో ఆడవాళ్ళంతా పోతూ వస్తూ తలా గుప్పెడు పప్పు పెద్దతల్లి పళ్ళెంలో వేసేవారు. రాష్ట్రపతికి ఇచ్చేది కదా, ముక్కలేస్తే ఏం బాగుంటుందని ఏరేరి మంచి గుళ్ళే వేసేవారు.

క్రిస్మస్ ముందు ఓనరు షెడ్డు చూడ్డానికొచ్చి, ఓ పళ్ళెం ముందు ఆగిపోయాడు.

"ఒక్క విరిగిన బద్దయినా లేదు! ఎవరిది?"

"పెద్దతల్లిదండి."

"ఇంత పనిమంతురాలిని తీసెయ్యాలన్న మాట పుట్టించిందెవడ్రా?"

ముప్పైమంది చేతులు ఆగిపోయాయి. బాబ్జీ ముందుకొచ్చాడు.

"నానేనండి. పొరపాటయిపోనాది."

"ముందు ఆవిడకి క్షమాపణ చెప్పు!"

బాబ్జీ వెళ్ళి పీట ముందు గొంతుక్కూర్చున్నాడు. పెద్దతల్లి కళ్ళు చికిలించి ఎవరా అని చూసింది.

"ఏటి సేసినావు బావూ?"

"అడగక్కర్లేదమ్మా," తూకం దగ్గర్నించి అరిచాడు సాల్మన్ రాజు. "క్షమాభిక్ష పెట్టడం రాష్ట్రపతి అధికారం!"

పెద్దతల్లి పీట మీద నిటారుగా సర్దుకుంది. పొట్టు అంటిన చెయ్యి బాబ్జీ నెత్తిన పెట్టింది.

"అలగైతే క్షమించీసినాను. పోయి టీ తాగు."