ఎడమ చేతి నాడి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా ముందు నాడి తాత దగ్గరికే తీసుకెళ్ళేవారు. మగవాళ్ళకైతే కుడి చెయ్యి, ఆడవాళ్ళకైతే ఎడమ చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆయన కాసేపు అలాగే కూర్చునేవాడు. ఆ పద్ధతి ఎందుకని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అడగనందుకు నేను దసరా ముందు నుంచి ఎండలు ముదిరే దాకా ఇంట్లో బందీనయ్యాను.

మాది శామీర్‌పేటకు అవతల చిన్న ఊరు. అప్పట్లో మేడ్చల్ దాకా ఎటు చూసినా అంగూర్ తోటలే. ఇప్పుడు అక్కడ ప్లాట్ల హద్దురాళ్ళు తప్ప ఒక్క తీగ కూడా లేదు, అది వేరే ఏడుపు. మా నాయినకూ ఒక తోట ఉండేది. నేను నాలుగో తరగతిలో ఉండగా ఒకరోజు బడిలో ప్రార్థన లైనులో కళ్ళు తిరిగి పడిపోయాను. పొద్దున అన్నం తినమని అమ్మ మొత్తుకుంటున్నా వినకుండా పరుగెత్తిన ఫలితం అది. కానీ అమ్మకు మాత్రం తన చెల్లెలు గుర్తొచ్చింది. ఆ పిల్ల నా వయసులోనే ఆడుకుంటూ ఆడుకుంటూ పడిపోయి మళ్ళీ లేవలేదట. అమ్మ నన్ను చంకన వేసుకుని వెళ్ళి నాడి తాత అరుగు మీద దించింది.

ఆయన నా ఎడమ మణికట్టు పట్టుకున్నాడు. వేళ్ళు కొంచెం పైకి జరిపాడు, కిందికి జరిపాడు. ఎప్పుడూ మధ్యలో కళ్ళు తెరవని మనిషి, తెరిచి నా మొహంలోకి చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

"నాడి అందుతలేదు బిడ్డా. అందినా దారమంత సన్నగున్నది. పిల్లను ఉరకనియ్యకుండ్రి" అన్నాడు అమ్మతో.

నాయినకు మనసు ఆగక మేడ్చల్‌లో డాక్టరుకు చూపించాడు. ఆయన గొట్టం పెట్టి విని, వీక్‌నెస్ అని టానిక్ రాసిచ్చాడు. వీక్‌నెస్ అన్న ఆ ఒక్క ముక్క చాలు అమ్మకు. తాత చెప్పిందీ డాక్టరు చెప్పిందీ ఒకటేనని తేల్చేసింది.

ఆ రోజు నుంచి మా ముందు గదే నాకు లోకం. బడి మాన్పించారు. బతుకమ్మ ఆడుతుంటే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చప్పట్లు కూడా గట్టిగా కొట్టొద్దన్నారు. వాకిటి తలుపుకు గొళ్ళెం పెట్టి ఉంచేవారు. మొదట్లో నేస్తాలు కిటికీ దగ్గరికి వచ్చి కబుర్లు చెప్పేవారు. ఊచలకు ఇటు నేను, అటు వాళ్ళు. పోనుపోను ఆటల మధ్యలో నేను వాళ్ళకు గుర్తు రావడం మానేశాను. నాకు కోపం వచ్చేది. కోపం వస్తే గుండెకు మంచిది కాదని అమ్మ బతిమాలేది. అంటే కోప్పడే స్వతంత్రం కూడా పోయిందన్నమాట.

అన్నిటికన్నా కష్టం మధ్యాహ్నాలు. నేను నిద్రపోయాననుకుని అమ్మ వచ్చి నా ఎడమ చేతి మీద వేలు పెట్టేది. ఏమీ దొరక్క మరికాస్త నొక్కేది. చివరికి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి చూసుకుని వెళ్ళేది. ఆమె వెళ్ళాక నేను కూడా వెతుక్కునేదాన్ని. నా చేతిలో నేను లేనట్టు అనిపించేది. గొళ్ళెం లేకపోయినా ఎక్కడికీ వెళ్ళలేనని నాకే నమ్మకం కుదిరింది.

తోటలో కాపు కోతకు వచ్చే రోజుల్లో పక్కింటి అక్క సెలవులకు వచ్చింది. పట్నంలో డాక్టరు చదువు మొదలుపెట్టిన అక్క అంటే మా ఊరికి మస్తు గొప్ప. నన్ను చూడటానికి వచ్చి మంచం మీద కూర్చుంటే, నేను ఎక్కువ రోజులు బతకనని పెద్దమనిషిలా చెప్పాను. అక్క నవ్వలేదు. నా కుడి చెయ్యి తీసుకుంది. అది కాదక్కా, ఆడపిల్లలది ఎడమ చెయ్యి చూడాలని సరిదిద్దాను.

"రెండు చేతులు నీయే గదనే" అంది అక్క.

కుడి చేతిలో నాడి నిక్షేపంలా కొట్టుకుంటోంది. ఎడమ చేతిలో బొటనవేలి వైపు నిజంగానే అందీ అందనట్టు ఉంది. అక్క తన వేళ్ళను మెల్లగా చిటికెనవేలి వైపు జరిపి ఆగింది. తర్వాత నా వేళ్ళను తెచ్చి అక్కడ పెట్టింది. చర్మం కింద ఎవరో తలుపు తడుతున్నట్టు ఉంది. ఇన్నాళ్ళూ అక్కడే ఉంది అది. నాకు ఏడుపొచ్చింది.

అక్క అమ్మనూ నాయిననూ పిలిచి కూర్చోబెట్టింది. నన్ను ఎడమ పిడికిలి బిగించమని చెప్పి, మణికట్టుకు రెండు వైపులా తన బొటనవేళ్ళతో గట్టిగా అదిమింది. పిడికిలి విప్పితే అరచెయ్యి సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయింది. అప్పుడు చిటికెనవేలి వైపు మాత్రమే వదిలింది. చూస్తుండగానే చెయ్యంతా ఎర్రబడింది. ఒక దారి సన్నగా ఉంటే రెండో దారి పెద్దదై చెయ్యంతటికీ నెత్తురు అందిస్తోందని చెప్పింది. అందరికీ కళ్ళూ ముక్కూ ఉన్నా ఇద్దరి మొహాలు ఒకలా ఉండనట్టే లోపలి రక్తనాళాలూ ఉండవట. గుండె నుంచి బయలుదేరే పెద్ద నాళం కూడా ఒకరికి వెడల్పు, ఒకరికి సన్నమట. పుస్తకంలో బొమ్మ చూసి లోకమంతా అలాగే ఉంటుందనుకోవద్దని వాళ్ళ మేడం మొదటి రోజే చెప్పారట.

నాయిన ఊపిరి పీల్చుకున్నాడు కానీ అమ్మ మొహం విచ్చుకోలేదు. రంగు మారితే ఏమవుతుంది, పిల్ల బతుకుతుందని ఎవరు చెప్పాలి అంది. ఊళ్ళో తెలిస్తే తనను ఏ ఇంటి గడపా తొక్కనివ్వరని దాచుకున్న సంగతి అప్పుడు అక్క బయటపెట్టింది.

"చిన్నమ్మా, మా కాలేజీల చచ్చిపోయినోళ్ళ శరీరాలు కోసి నేర్పిస్తరు. నేను చదివే బల్ల మీద ఒక ముసలాయన ఉండె. ఆయనకు గూడ గీ చేతికి గిట్లనే, ఇటు దారమంత, అటు తాడంత. అరచేతుల నిండ కాయలే. బతికినన్ని దినాలు పని జేసిన చేతులు."

అమ్మ గభాలున నా చెయ్యి లాక్కుని కొంగుతో తుడిచింది. శవాన్ని ముట్టిన చేతులు కదా. అక్క తల వంచుకుంది. తుడుస్తున్న అమ్మ చెయ్యి మెల్లగా ఆగిపోయింది.

"ఆయన తలకాయ నెరిసిందా?" అని అడిగింది.

"మొత్తం తెల్లగైంది చిన్నమ్మా."

అమ్మ అక్క రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. దసరా నుంచి లోపల కుక్కుకున్నదంతా ఏడ్చింది.

తాను ఇంకా నేర్చుకుంటున్నదాన్నే కాబట్టి ఒకసారి పెద్దాసుపత్రిలో చూపించుకొమ్మని అక్క పట్టుబట్టింది. అక్కడ గుండె పరీక్ష చేసి, రెండు చేతులకూ బీపీ చూసి, ఏ లోటూ లేదు, పుట్టుకతో వచ్చిన తీరు ఇది అన్నారు. నాయిన ఆ సంగతి నాడి తాతకు చెప్పి వచ్చాడు. ఆయన నన్ను పిలిపించుకుని కుడి చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆ తర్వాత ఆడవాళ్ళెవరు వచ్చినా రెండు చేతులూ చూసేవాడు.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే అమ్మ వాకిలి బార్లా తెరిచింది. నేను గడప దాకా వెళ్ళి ఆగిపోయాను. అన్ని రోజులు కలలు కన్న వీధి ఎదురుగా ఉంది. కాలు మాత్రం లేవడం లేదు. పరుగెత్తితే పడిపోతానని నా ఒళ్ళే నాకు చెబుతోంది. లోపలికి తిరిగి వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. అమ్మ ఎంత పిలిచినా రాలేదు.

నాయిన నన్ను భుజాన ఎత్తుకుని తోటకు తీసుకెళ్ళి పందిళ్ళ మధ్య దారిలో దించాడు. వాన ముంచుకొచ్చినా చేతులు వెనక కట్టుకుని నింపాదిగా నడిచే మనిషి ఆయన. చెప్పులు విడిచి, ధోతి ఎగగట్టాడు.

"దా బిడ్డా. నేను గూడ ఉరుకుత" అన్నాడు.

అని నిజంగానే పరుగెత్తాడు. కోత కోసేవాళ్ళు గంపలు దించి నోరెళ్ళబెట్టి చూశారు. కాసేపు నిలబడ్డాను. నాయిన దూరమైపోతుంటే భయమేసి, ఆ భయంలోనే కాళ్ళు కదిలాయి. తోట చివర బావి దగ్గర ఆయన్ని దాటేశాను.

నాయిన గట్టు మీద కూలబడి ఆయాసపడుతున్నాడు. అక్క నేర్పినట్టు ఆయన మణికట్టు మీద వేళ్ళు పెట్టి చూస్తే నాడి తెగ ఎగిరెగిరి పడుతోంది. ఇంకెప్పుడూ పరుగెత్తొద్దని, ఇంటి దగ్గరే కూర్చోమని ఆయన చెయ్యి వదలకుండా ఏడ్చాను.

"ఇన్ని దినాలు మాకు గిట్లనే ఉండె బిడ్డా" అన్నాడు నాయిన.

మా అమ్మాయి ఈ మధ్య స్కూటీ నేర్చుకుంది. లారీలు తిరిగే మేడ్చల్ రోడ్డు మీదే కాలేజీకి వెళుతుంది. అది తాళం చెవి తీసుకున్న ప్రతి పొద్దున 'వద్దు' అన్న మాట నా నోటి దాకా వస్తుంది. ఆ మాటలో ఎంత ప్రేమ ఉంటుందో నాకు తెలుసు, దాని లోపల ఉండటం ఎలా ఉంటుందో కూడా తెలుసు. మింగేసి, "పోయిరా బిడ్డా" అంటాను. అది మలుపు తిరిగిపోయాక కూడా కాసేపు వాకిట్లోనే నిలబడతాను.