జాజు పూసిన గొర్రె

"చదువు రానోళ్లకు చార్టు ఏం అర్థమవుతాది" అని మా ఆఫీసులో ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని నవ్వుతారు. అబద్ధం. వాళ్లకు బాగానే అర్థమైంది. చూడటం రానిది నాకే.

పశువుల జబ్బుల మీద గోడకు తగిలించే చార్టులు తయారుచేయడం నా పని. ప్రొద్దుటూరులో అద్దె గదిలో ఒక్కదాన్నే కూర్చుని చేస్తాను. గీసింది చూపించి ఎట్లుందని అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. బయట ఉన్నవాళ్లకు నాతో వాదన పెట్టుకునే ఓపిక లేదు. పులివెందుల దగ్గరి పల్లెలో గొర్రెలు మేపుకునే ఒకామెకు మాత్రం ఉండేది. నాకంటే పెద్దది, అక్కా అనేదాన్ని. పోయినప్పుడల్లా అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేది.

"ఒక్కదానివే ఉంటావా? మరి పోట్లాడేది ఎవురితో?"

"నీతో పోట్లాడదామనే గదక్కా బస్సెక్కి వచ్చేది."

ఆ చార్టు ఆ ఊరి కోసమే చేశాను. అక్షరాలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. నడిమధ్యన పెద్దగా జబ్బు గొర్రె, వీపంతా ఎరుపు. దాన్నుంచి చుట్టూ ఉన్న తెల్ల గొర్రెల మీదికి బాణాలు. ఎరుపంటే ప్రమాదం, నడుమ పెట్టింది ముందు కనపడుతుంది, బాణం ఎటుంటే కన్ను అటే పోతుంది. నేర్చుకున్నదంతా అందులో పెట్టేశాను.

ఆ ఊళ్లో మందలు కలిసిపోకుండా ఒక్కో ఇంటివాళ్లు గొర్రెల వీపున ఒక్కో రంగు పూస్తారు. ఒకరిది నీలం, ఒకరిది ఆకుపచ్చ. అక్కది జాజు ఎరుపు. ఏళ్ల తరబడి కళ్లారా చూసినదాన్నే. గదిలో కూర్చుని గీస్తుంటే ఒక్క రంగూ గుర్తురాలేదు.

చార్టును పాలకేంద్రం గోడకు తగిలించాం. వారం తిరక్కుండానే, ఎరువు కోసమని చేలల్లో మందలను నిలుపుకునే రైతులు ఆమె మందను మాత్రం రానీయలేదు. "జబ్బు ఆ మందలోనుంచే వస్తాదంట, ఆఫీసోళ్లే బొమ్మేసినారు గదా" అన్నారు. పోయి చార్టు చించేశాను. చించితే ఏం లాభం, చూడాల్సినవాళ్లంతా చూసేశారు.

"శానా బాగా గీసినావమ్మా. దూరంనుంచే నా గొర్రె అని గుర్తుపట్టినారు" అంది అక్క. ఆ రోజు మజ్జిగ ఇవ్వలేదు.

తర్వాత మందను తోలుకుని జమ్మలమడుగు పక్క పెన్న ఒడ్డుకు పోయిందన్నారు. ఫోను చేస్తే ఎత్తలేదు.

చార్టు మళ్లీ చేశాను. ఈసారి జబ్బు గొర్రెకు రంగు లేదు. తల వాల్చుకుని, మందకు దూరంగా ఓ మూలన నిలబడి ఉంటుంది. ఆఫీసులో అందరూ బాగుందన్నారు. వాళ్లు దేన్ని బాగలేదన్నారు గనక?

జమ్మలమడుగు బస్సెక్కితే కిటికీ పక్కనే కూర్చుంటాను. కనపడిన ప్రతి మందలోనూ వీపులే చూస్తాను. అక్క ఇప్పుడు తన గొర్రెలకు ఏ రంగు పూస్తోంది?